బాపు మొహం కడిగిన రోజు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఆడపిల్ల ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తోందంటే రెండే కారణాలు ఉండాలి. ఒకటి హాల్ టికెట్, రెండు పరీక్షా ఫలితాలు. మూడో కారణం ఏదున్నా అది ప్రేమే అయి ఉంటుందని మా క్వార్టర్ల లైనంతా ఏకగ్రీవంగా తీర్మానించుకుంది. నాకేమో ప్రేమా లేదు, దోమా లేదు. వారానికి మూడు రోజులు పోయి నేను చేసే ఘనకార్యం, కంప్యూటర్‌లో బొమ్మలకు బట్టలు తొడగడం. డిగ్రీ చదివే గాడిద (అవ్వ, అంటే మా అమ్మ, అనే మాట ఇది, నాది కాదు) బొమ్మలకు బట్టలు తొడుగుతోందని చెప్పుకోవడం కన్నా, ప్రేమిస్తోందని అనుకోనివ్వడమే కాస్త గౌరవంగా ఉండేది. అయినా భయం కొద్దీ ఎవరడిగినా "రిజల్ట్స్ చూస్తందుకు పోతున్న" అనేదాన్ని. ఆ రెండేళ్ళలో నేను రాసినన్ని పరీక్షలు ఈ దేశంలో ఎవరూ రాసి ఉండరు.

అదొక వెబ్‌సైటు. చేరిన ప్రతివాళ్ళకూ వేలెడంత బొమ్మ ఒకటి ఇస్తారు. దాని జుట్టు, కళ్ళు, ఒంటి రంగు మనమే ఎంచుకోవాలి. ఆపైన గౌన్లు, చెప్పులు, టోపీలు మార్చి మార్చి తొడుక్కోవచ్చు. అక్కడ మన మొహం అదే, మన పేరు అదే. చేయి తిరిగినవాళ్ళు ఆ బట్టల్ని తామే గీసేవాళ్ళు, ముగ్గు పెట్టినట్టు చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ. ఆ చుక్కల పిచ్చి నన్ను పట్టుకుంది. లంగా అంచు మీద మామిడి పిందె ఒక్కటి వేయడానికి ఒక పూటంతా తినేసేదాన్ని. ఇక నా సొంత బొమ్మ సంగతి చెప్పకుండా ఉంటేనే మంచిది గానీ, చెప్తాను. తేనె రంగు జుట్టు, నీలి కళ్ళు. ఒంటి రంగుల వరుసలో పైనుంచి రెండోది నాది. (మొదటిది మరీ సున్నం కొట్టిన గోడలా ఉందని వదిలేశాను. నాకూ కొంత సిగ్గుంది.) పరిచయం రాసే చోట మా నాన్న గనుల్లో ఆఫీసరనీ, మాది తోట ఉన్న బంగళా అనీ రాశాను. మాది రెండు గదుల క్వార్టర్. తోట అంటే ఒక బొప్పాయి చెట్టు, అదీ పక్కింటివాళ్ళది. కానీ నిమ్మపండు అని పేరు పెట్టుకున్న ఏ దేశపు పిల్లో "మీ తోటలో ఏయే పూలుంటాయి?" అని అడిగితే, నేను ఆలోచించకుండా పదకొండు రకాలు రాసిపడేశాను.

మా బాపు ఆఫీసర్ కాదు. బాయిలోకి దిగి బొగ్గు తీసే మనిషి. (మా దగ్గర గనిని బాయి అనే అంటారు.) మొదటి షిఫ్టుకు నేను లేవకముందే వెళ్ళిపోయేవాడు. నేను ఆయన్ని చూసేది మధ్యాహ్నం తిరిగొచ్చాకే. అప్పటికి కళ్ళూ పళ్ళూ తప్ప మనిషంతా నల్లగా ఉండేవాడు. చిన్నప్పుడు బాపుకు రెండు మొహాలు ఉంటాయని, స్నానానికి ముందుది ఒకటి, తర్వాతది ఒకటి అని అనుకునేదాన్ని. స్నానం తర్వాత కూడా కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు మిగిలేది. పెళ్ళిళ్ళలో ఆయన్నీ ఆయన దోస్తుల్నీ ఆ కాటుకను బట్టే గుర్తుపట్టేవాళ్ళు.

ఒక రోజు సైటులో పోటీ పెట్టారు. తండ్రుల పండుగట. (తండ్రులకొక పండుగ ఉంటుందని తెలిసిన మొదటి మనిషిని మా లైనులో నేనే.) మీ నాన్న పని బట్టల్లో ఎలా ఉంటారో గీయండి, గెలిచినవాళ్ళను డిజైనర్ చేస్తాం అన్నారు. డిజైనర్ అంటే మాటలా! మనం గీసిన బట్టల్ని ప్రపంచంలో ఎవరి బొమ్మైనా తొడుక్కోవచ్చు. అప్పటికి నేను బాగా చేయగలిగిన పని భూమ్మీద అదొక్కటే. చదువు అంతంత మాత్రం, వంట అవ్వ దయ. ఆ హోదా కోసం నేను ఎంత అల్లాడిపోయానో ఇప్పుడు చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి.

టై కట్టుకున్న ఆఫీసర్ బొమ్మ గీయాలనే కూర్చున్నాను, నా అబద్ధానికి తగ్గట్టుగా. కానీ ఆఫీసర్ బట్టలెలా ఉంటాయో నాకేం తెలుసు, జీపులో పోతుంటే భుజాల దాకా చూడటమే తప్ప? నా చేతికి తెలిసింది ఒకటే. టోపీ, దాని మీద లైటు, నడుముకు బెల్టు, బెల్టుకు బ్యాటరీ, మోకాళ్ళ దాకా బూట్లు. మొహానికి ఒంటి రంగుల వరుసలో అన్నిటికన్నా కింది రంగు చూశాను, సరిపోలేదు. బాపు అంతకన్నా నలుపు. అసలు నలుపే తీసి పోశాను, కళ్ళు తెల్లగా పెట్టాను, నవ్వు పెట్టాను. పెట్టి చూసుకుంటే అచ్చం మా బాపు. ఆఫీసర్ అబద్ధం ఏమవుతుందన్న ఆలోచన ఆ పూట నా దరిదాపుల్లోకి రాలేదు. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, నా జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

బొమ్మను పోటీకి పంపి, సెంటర్ నడిపే నెట్టు భాయ్‌తో ఒక కాగితం మీద అచ్చు వేయించాను. ఆయన మిషన్ మూడుసార్లు మూలిగి, నాలుగోసారి మొహం దగ్గర ఆగిపోయింది. "క్యా బేటీ, గింత నలుపు ఎవలన్న కొడ్తరా? నా ఇంకంత మీ బాపే తాగిండు!" అని ఒకటే గోల. ఆ కాగితం చూసి బాపు పీట మీద కూలబడి నవ్వాడు. "ఓసి పిల్లా! ఇగో బెల్టు, ఇగో బ్యాటరీ! బూటుకు అతుకు సుత ఏసినవేందే!" అవ్వ తొంగి చూసి, "పెండ్లి ఫోటోల సుత గింత మంచిగ పడలె ఈయన" అంది. మర్నాడు బాపు ఆ కాగితాన్ని టిఫిన్ డబ్బా కింద మడతపడకుండా పెట్టుకొని డ్యూటీకి పోయాడు. పక్క క్వార్టర్‌లో నేను కాక (బాబాయి) అని పిలిచే ఆయన, బాపు షిఫ్టులోనే పనిచేసేవాడు, దాన్ని హాజరు వేసే గదిలో గోడకు అంటించాడట. ఆ రోజు నుంచి మా బాపు పేరు 'కంప్యూటర్ మల్లయ్య' అయింది. (ఆయన పేరు మల్లయ్య కాదు. అదేం అడ్డం కాలేదు.) కాక నేను కనిపిస్తే చాలు, "గెల్చిందా బిడ్డా మన బొమ్మ? షిఫ్టంత అడుగుతున్నరు" అనేవాడు.

గెలవడం మాట అటుంచి, వారం తిరక్కుండా సైటు తలుపు నా మొహాన మూసేశారు. పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వదు. ఒక పొడుగాటి ఉత్తరం మాత్రం వచ్చింది. నా ఇంగ్లీషుకు అందింది సగమే. భాయ్ కళ్ళద్దాలు పెట్టుకొని చదివాడు. "మొఖానికి నల్లరంగు పూసుడు తప్పంటున్నరు బేటీ. నల్లజాతోళ్ళను ఎక్కిరిచ్చినట్టు ఉన్నదంట. నీ ఖాతా బంద్ చేసిండ్రు."

"నేను ఎవల్ని ఎక్కిరిచ్చిన భాయ్? అది మా బాపు గద!"

"నాకెర్కే. వాళ్ళకెర్క లేదు. ఇగో, కింద రాసిండ్రు చూడు. ఇది అసలు మనిషి అయితె సంగతేందో రాయమన్నరు, బొమ్మ కింద అందరికి కనపడేటట్టు పెడ్తరంట. లేకుంటె రంగు మార్చుమన్నరు."

వాళ్ళ తప్పు లేదు. ఆ దేశాల్లో తెల్లవాళ్ళు మొహాలకు మసి పూసుకొని నల్లవాళ్ళను ఎగతాళి చేసిన చరిత్ర ఉందని చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. నియమం మంచిదే. మసి ఎవరూ పూయకుండానే, పొట్ట కోసం రోజూ అంటించుకొని ఇంటికొచ్చే మనుషులు కూడా ఉంటారని ఆ నియమం రాసినవాళ్ళకు తోచలేదు, అంతే. తోచేలా చెప్పే అవకాశం నాకే ఇచ్చారు. భాయ్ కుర్చీ నా దగ్గరికి లాగి, "రాయ్ బేటీ. మా బాపు బొగ్గు తీస్తడు, డ్యూటీ దిగి ఇంటికి గిట్లనే వస్తడు అని ఒక్క లైను రాయ్. ఇంగ్లీషు నేను సరిజేస్త. సచ్ రాస్తందుకు ఏం ఫికర్?" అన్నాడు.

రాయలేదు. రేపు రాస్తానన్నాను. మర్నాడు, ఆ మర్నాడు బంద్. అవి ఉద్యమం రోజులు, వారంలో ఏ రోజు ఏది తెరిచి ఉంటుందో దేవుడికే తెలియాలి. ఊరంతా రాష్ట్రం కోసం రోడ్డెక్కితే, నేను ఇంట్లో గోడకు తిరిగి పడుకొని నిమ్మపండు ఏమనుకుంటుందో అని ఏడ్చాను. ఆ ఒక్క లైను బొమ్మ కింద పడితే బంగళా పోతుంది, తోట పోతుంది, పదకొండు రకాల పూలూ పోతాయి. ఎవరో మొహం కూడా తెలియని పిల్ల ముందు నేను బొగ్గు బాయి కార్మికుడి బిడ్డనైపోతాను. అయిపోతే ఏమవుతుందో ఇప్పుడు ఎంత ఆలోచించినా నాకు తట్టడం లేదు. అప్పుడు మాత్రం ప్రాణం పోయినట్టే ఉండింది.

మూడో రోజు భాయ్ ఇంకా షట్టర్ పూర్తిగా ఎత్తకముందే వంగి లోపలికి దూరాను. కంప్యూటర్‌లో దాచుకున్న నా బొమ్మను తెరిచాను. బొమ్మలు గీసేచోట రంగులు పోసే బకెట్ గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకొని, పైనుంచి రెండో రంగు ముంచి, బాపు మొహం మీద నొక్కాను. ఒక్క నొక్కు. బాపుకు రోజూ నాలుగు బకెట్ల నీళ్ళు పట్టే పని ఒక్క నొక్కులో అయిపోయింది. అయిపోయిందనుకున్నాను గానీ, కళ్ళ చుట్టూ, చెవుల పక్కన, ముక్కు కింద నల్ల చుక్కలు మొండికేసి మిగిలాయి. అచ్చం ఇంట్లో మిగిలినట్టే. బొమ్మను పెద్దది చేసుకొని వాటిని ఒక్కొక్కటే ఏరి తుడిచాను. అరగంట పట్టింది. ఒక్క చుక్క కూడా మిగల్లేదు, నా చేతి నైపుణ్యం అలాంటిది.

మార్చిన బొమ్మను వాళ్ళ ఉత్తరానికి జవాబుగా పంపితే ఖాతా తెరిచారు. సహకరించినందుకు కృతజ్ఞతలు చెప్పారు. పోటీలో గెలిచాను కూడా. అంతరిక్షంలోకి పోయే నాన్న ఎంత ముద్దుగా ఉన్నాడో అని మెచ్చుకున్నారు. (టోపీ, లైటు, బూట్లు, బ్యాటరీ చూసి అంతే అనుకున్నారు పాపం.) నిమ్మపండు, "ఆఫీసర్ అన్నావు, చంద్రుడి మీదికి వెళ్తాడని చెప్పలేదే!" అని రాసింది. నేను కాదనలేదు. ఒకటి అబద్ధమాడినదాన్ని, రెండోదానికి మొహమాటం దేనికి? నా పేరు పక్కన డిజైనర్ అని చిన్న నక్షత్రం వెలిగింది. భాయ్ కాగితం అచ్చు వేసి చేతికిస్తూ, "ఈసారి ఇంకు మిగిలింది బేటీ" అని మాత్రం అన్నాడు.

ఇంటికి పోయేసరికి బాపు స్నానం చేసి టీ తాగుతున్నాడు. గెలిచానని చెప్తే, కాగితం తీసుకొని ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. "బూట్లు నాయే. బెల్టు నాదే. మొఖమే ఎవలిదో ఎర్క పడ్తలేదు. ఎవలు బిడ్డా ఈయన?"

"ఆఫీసర్ బాపూ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోటికి అదే వచ్చింది.

బాపు నా వైపు ఒకసారి చూశాడు. కోపం ఉంటే బాగుండేది, లేదు. "మంచిగున్నడు" అని నవ్వి, "ఏం సబ్బు పెట్టినవో జర నాకు సుత చెప్పు బిడ్డా. ఇరవయ్యేండ్ల సంది రుద్దుతున్న, నాకు పోతలేదు" అన్నాడు. అవ్వ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. గట్టిగా నవ్వాను. బాపు టీ గ్లాసు పక్కన పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చేశాడు. "నీ తాననే ఉండనియ్యి" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత కూరగాయల దగ్గర కాక ఎదురుపడ్డాడు. గెలిచానని ఆయన నోటితో వినాలని ఆగాను, అబద్ధమెందుకు. కాక నా తల మీద చేయి పెట్టాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. ఓడిపోయిందని మీ బాపు జెప్పిండు. ఓడితె ఏమాయె? బొమ్మ మాత్రం అచ్చం మా మనిషే. పీకుతమంటె షిఫ్టోళ్ళు ఒప్పుకుంటలేరు, గోడకు గట్లనే ఉంచినం" అన్నాడు.

"సరే కాకా" అన్నాను. చేతిలో వంకాయల సంచి బరువుగా ఉన్నట్టు ఇంటి దారి పట్టాను.

ఆ సైటు మూతబడి చాలా ఏళ్ళయింది. నక్షత్రంతో పాటు నిమ్మపండు కూడా ఎటు పోయిందో తెలియదు. నేనిప్పుడు అవకాశం దొరికితే చాలు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మా బాపు బొగ్గు తీసేవాడని గొప్పగా చెప్పుకుంటున్నాను. ఇప్పుడు చెప్పడానికి ఏమీ ఖర్చు కాదు కదా! ఆ షట్టర్ కింద నుంచి వంగి దూరిన పిల్ల గుర్తొస్తే నవ్వూ వస్తుంది, జడ పట్టుకొని బయటికి లాగాలనీ అనిపిస్తుంది. కాక మొన్న ఒక పెళ్ళిలో కలిసి, కొత్త కోడలికి నన్ను చూపిస్తూ "బొమ్మల పోటీల ఓడిపోయిన బిడ్డ ఈమెనే" అని మురిసిపోతూ చెప్పాడు. నేను తల ఊపాను. గెలిచిన సంగతి ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.