తోక ఎత్తి చూడని రోజు

నిన్న కుప్పంలో ఒక రైతు ఇంట్లో అడుగు పెట్టగానే యాలకులు వేసి జున్ను వండుతున్న వాసన వచ్చింది. నోరూరేలోపే మునెప్ప గుర్తొచ్చాడు. తొంభైలలో పుంగనూరు దగ్గర ఓ పశువుల ఆసుపత్రిలో ఆయన కాంపౌండరు, నేను కొత్తగా చేరిన డాక్టరును. చదువు నాది, అనుభవం ఆయనది. ఆ సంగతి ఒప్పుకోవడానికి అప్పట్లో నాకు మనసొప్పేది కాదు.

ఆయన సెలవు పెట్టిన రోజున రామసముద్రం వైపు పల్లె నుంచి గంగులమ్మ అనే ఆవిడ ముందురోజు పుట్టిన కోడెదూడను ఆటోలో తెచ్చింది. పొట్ట ఉబ్బింది, పాలు ముట్టడం లేదంది. అజీర్ణమని మందు పోసి పంపేశాను. మర్నాడు మళ్లీ వచ్చింది. దూడ పొట్ట తప్పెటలా బిగుసుకుపోయింది. దూడ పోతే ఆవు పాలు చేపదు, ఆ ఇంటికి ఆ ఆవే ఆధారం.

"గ్రహణం పూట సూడి ఆవును ఏల బయట కట్టినావని మా అత్త అంటాండాది. నా పాపమేనేమో అమ్మా" అంది.

ఆ రోజు పనిలోకి వచ్చిన మునెప్ప ముందుగా దూడ తోక ఎత్తాడు. మలద్వారం ఉండాల్సిన చోట చర్మం మూసుకుపోయి ఉంది. పుట్టుకతో వచ్చే లోపం. కాలేజీలో దాని గురించి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తోక ఎత్తి చూడాలని మాత్రం ముందురోజు తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మందుల గదిలోకి వెళ్లి, ఈ రోజే బయటపడిందని చెబుదామా అని ఆయన్ను అడిగాను.

"కోత కోద్దాంలేమ్మా, బతకతాది. ముందు ఆయమ్మకు నిజం చెప్పండి. లేకుంటే తప్పు తనదే అనుకుంటా ఉంటాది" అన్నాడు.

బయటికొచ్చి, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని, నిన్ననే చూడాల్సింది నేను చూడలేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. గంగులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇప్పుడన్నా సూసినారు కదమ్మా, బతికించండి" అంది.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, తోక కింద ఉబ్బిన చోట కోత పెట్టాను. నల్లటి జిగట పేడ ఒక్కసారిగా నా చీర కుచ్చిళ్ల మీద పడింది. మునెప్ప దూడను వదలకుండానే, కొత్త చీరా అని అడిగాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అంచులు కుట్టి లేచేసరికి దూడ తలెత్తి తల్లి కోసం అరుస్తోంది.

మర్నాడు గంగులమ్మ గిన్నెలో జున్ను తెచ్చింది. దూడకు ఏమవుతుందోనని అంతవరకు వాళ్లింట్లో వండలేదట. దూడ తాగుతోందని, ఆవు చేపుతోందని, అత్త నోరు మూతపడిందని చెప్పింది. మునెప్ప రెండు ముక్కలు తిని, మూడోది నాకు తోశాడు.

తర్వాత మదనపల్లెలోనూ కుప్పంలోనూ అలాంటి దూడలను చాలా చూశాను. కొన్నింటికి లోపల పేగే సగంలో ఆగిపోయి ఉండేది, దక్కలేదు. దూడ పుట్టిందంటే ఇప్పుడు నా చెయ్యి ముందు తోక దగ్గరికే పోతుంది. ఎక్కడైనా పొరపడితే, పశువు పక్కన నిలబడ్డ మనిషికి ఆ మాట నేనే చెబుతాను. ఇన్నేళ్ల తర్వాతా అది తేలిక కాలేదు. అయినా చెప్పేసి, ఆ తర్వాతే కత్తి పట్టుకుంటాను.