వంతెనకు గృహప్రవేశం

మా ఊరికీ హనుమాన్ జంక్షన్‌కీ మధ్య ఏటి మీద ఉన్న పాత వంతెన నాన్న కంటే పెద్దది. లారీ ఎక్కితే వణికేది. బస్సు దాని మీదికి రాగానే నేను పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసేసి, అవతలి గట్టు వచ్చాకే మళ్ళీ తెరిచేదాన్ని.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఎనభైల మధ్యలో, దాని పక్కనే కొత్తది కట్టి పాతదాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. కొత్తదానికి రెండు చివరలా డ్రమ్ములు అడ్డం పెట్టి, హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చి రిబ్బను కత్తిరించేదాకా బండ్లు వెళ్ళకూడదన్నారు. అంతవరకూ ఏట్లో ఇసుక మీద వేసిన తాత్కాలికపు దారే గతి.

నాన్న ఆ ప్రారంభం రోజు చూసుకునే చిన్నరసాలు కోయించారు. రసం బంగినపల్లిలా ఆగదు, కోశాక త్వరగా మెత్తబడిపోతుంది. కోత ముగిసిన సాయంత్రమే పెద్ద వాన కురిసి ఏట్లో దారి కొట్టుకుపోయింది. మర్నాడు పొద్దున్నే పెద్దాయన రావడంలేదని కబురు. చుట్టూ తిరిగి వెళ్ళే మట్టిదారిలో అప్పటికే ఒక లారీ ఇరుసుదాకా దిగబడి ఉంది.

పాకలో వరిగడ్డి మీద ఆ ఏడాది కాపంతా ఉంది. ఆ వాసన ఇంట్లోకి వస్తే ప్రతి ఏడూ పండగలా ఉండేది. ఆ పూట మాత్రం ఎవరమూ నాన్న ముఖంలోకి చూడలేదు.

వంతెన కట్టించిన ఇంజనీరుగారు మా వీధిలోనే అద్దెకుండేవారు. నాన్న ఆయన్ని మా అరుగు మీద కూర్చోబెట్టుకుని బతిమాలారు.

"ఒక్క లారీ వదలండి ఇంజనీరుగారూ."

"నా ఉద్యోగం పోతుందండీ. వంతెన గట్టిదే, ఇసుక లారీలు నిలబెట్టి మరీ చూశాం. మనుషులు నడవొచ్చు. బండ్లే కుదరదు."

నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. కొత్తవాళ్ళ ముందు నా నోరు పెగలదని ఊరందరికీ తెలుసు. మరి ఆ మాట ఎలా వచ్చిందో!

"గంపలు నెత్తిన పెట్టుకుంటే... మనుషులే కదండీ?"

ఇంజనీరుగారు తలుపు వైపు తిరిగారు. "మనుషులేనమ్మా!" అని గట్టిగా నవ్వారు. నాన్న అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు, అవతలి గట్టుకు లారీ పంపమని జంక్షన్‌కు ఫోను చేయడానికి.

మధ్యాహ్నానికి కూలీలు గంపలతో వంతెన దగ్గరికి వచ్చి, డ్రమ్ముల ముందు ఆగిపోయారు.

"ఏంటి, ఆగారేంటి?" అన్నారు నాన్న.

"కొత్త వంతెన బాబుగారూ. ముహూర్తం కాకుండా ముందు అడుగేస్తే ఏరు ఊరుకోదంట," అంది ముందున్న ఆవిడ.

"ఇంజనీరుగారు రోజూ తిరుగుతున్నారుగా!"

"ఆయన కట్టినాయన. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ తిరగడా ఏంటి? కాపురం పెట్టేవాళ్ళకే ముహూర్తం."

వెనకాలే వచ్చిన నాయనమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "అయితే ఇల్లే అంటావు. కొత్తింట్లోకి ముందు ఎవరెళ్తారే?"

"ఆవండీ."

"మరి ఆ మాట ముందే చెప్పొద్దూ!"

ఇంటికి వెళ్ళి మా ఆవును తోలుకొచ్చింది. నుదుట పసుపు, కుంకుమ. దూడ తాడు నా చేతికిచ్చింది. డ్రమ్ముల సందులోంచి నలుగురమూ వంతెన ఎక్కాం. ఆవు సరిగ్గా మధ్యకు వచ్చి ఆగింది. పిట్టగోడ మీదుగా ఏటిని చూసింది, తీరిగ్గా పేడ వేసింది.

"అదిగో, కల్లాపికి కూడా సిద్ధం చేసింది! ఇంకా చూస్తారేంటి, రండే!" అని కేకేసింది నాయనమ్మ.

నవ్వుకుంటూ గంపలన్నీ కదిలాయి. గంపల వెనకే వచ్చిన ఇంజనీరుగారు ఏటి వైపు తిరిగి, "ఆవు బండి కాదు," అని తనలో తాను అనుకోవడం నాకు వినిపించింది. పొద్దు వాలకముందే లారీ నిండింది. కాయ ఇంకా గట్టిగానే ఉంది. లారీ కదిలాక నాన్న పై గుడ్డతో ముఖం తుడుచుకుని, దూడకు ఒక రసం తినిపించారు.

తర్వాత పెద్దాయన రానే వచ్చారు. చప్పట్ల మధ్య నాయనమ్మ గొంతు అందరికీ వినపడింది. "గృహప్రవేశం అయిపోయిన ఇంటికి మళ్ళీ ఈ రిబ్బనేంటే?" ఇంజనీరుగారు పెదవి కొరుక్కుని బూట్లు చూసుకున్నారు.

కొత్త వంతెన వణకదు. అయినా బస్సు దాని మీదికి రాగానే నేను పుస్తకం మూసేస్తాను. ఆవు ఆగిన చోటు చూడాలి కదా.