‘ఒద్దు’ బటన్ రామానుజం

మా రామానుజానికి ఒకటే జబ్బు. అడగనిదే ఏ పనీ చేయడు. నంద్యాలలో మా వీధి చివర అద్దె గదిలో వెబ్‌సైట్లు చేసిపెడతాడు. టీ హోటల్లో పక్కవాడి పేపర్ కావాలంటే వార్తల పేజీకి ఒకసారి అడుగుతాడు, ఆటల పేజీకి మళ్లీ అడుగుతాడు. "ఒకసారి ఇచ్చినాం గదప్పా!" అంటే, "అప్పుడు అడిగింది వార్తలకు. ఇది క్రికెట్‌కు" అంటాడు.

అహోబిలంలో ఆయన పెళ్లికి నేనూ ఉన్నాను. మేళం జోరందుకుంది. తాళి చేత్తో పట్టుకుని పెళ్లికూతురు ఆండాళ్‌ని అడిగాడు: "కట్టమంటావా?"

మేళం ఆగిపోయింది.

"ఇంతదూరం వచ్చినాక ఏం అడుగుతాండావు? కట్టు!" అందామె.

కట్టాడు. రెండో ముడికి మళ్లీ అడిగాడు. మూడో ముడి ఆమే వేసుకుందని మా వీధిలో చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆమె గుడ్లురిమింది, అంతే.

వెబ్‌సైట్ చూడవచ్చినవాళ్ల ఫోన్లో మనం దాచే గుర్తుచీటీని కుకీ అంటారట. వాళ్లు ఏం చూశారో అది మనకు చెబుతుందట, అవే సరుకుల ప్రకటనలు వాళ్ల ఫోన్లకు వెంట పంపడానికి. అలాంటివి పెట్టేముందు మనిషిని అడగాలని, అదీ వాళ్లకు అర్థమయ్యే భాషలో అడగాలని కొత్త చట్టం వచ్చినప్పుడు, రామానుజం ఆ కాగితాలతో మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగి, లోపలికి రావచ్చునా అని అడిగి, వచ్చి, "చూడప్పా, ఢిల్లీకి కూడా నా గుణమే పట్టింది!" అన్నాడు.

అప్పుడే ఆళ్లగడ్డ శిల్పి ఓబులేసు సైటు ఆయన చేతికొచ్చింది. దేవుళ్ల విగ్రహాలు, పోయినవాళ్ల విగ్రహాలు చెక్కే పేరున్న దుకాణం. రామానుజానికి అంత పెద్ద సైటు అదే మొదటిది. తెరవగానే ఈ మాట కనిపించేది:

"మీరు ఏ బొమ్మ చూసినారో గుర్తు పెట్టుకోమంటారా? ఒద్దంటే ఒద్దు. బొమ్మలు చూడనీకి అడ్డం లేదు."

కింద రెండు బటన్లు: ‘సరే’, ‘ఒద్దు’. రెండూ ఒకే సైజు, ఒకే రంగు. స్కేలు పెట్టి కొలిచాడు. నన్నూ కొలవమన్నాడు, కొలవడం ఇష్టమేనా అని అడిగి.

నెల తిరిగేసరికి నూటికి తొంభైమంది ‘ఒద్దు’ నొక్కారు. ఓబులేసు ఫోన్ చేశాడు.

"ఏందీ స్వామీ! నా గడప కాడ నిలబడి జనాన్ని తరుముతాండావా? హైదరాబాదోళ్లవి చూడు. ‘సరే’ గుమ్మడికాయంత పెట్టి, ‘ఒద్దు’ ఆవగింజంత చేసి యాడో మూలన దాస్తారు!"

"అది అడగడం గాదన్నా, దబాయించడం."

"సోమవారం లోపల చిన్నది చెయ్. లేదంటే సైటు హైదరాబాదుకు పోతాది."

"ఫోన్ పెట్టేయొచ్చునా అన్నా?"

అవతల ఎప్పుడో పెట్టేశారు.

సోమవారం ఆళ్లగడ్డకు నేనూ వెంట పోయాను.

"చేసినావా?" అన్నాడు ఓబులేసు, రాతిదుమ్ము దులుపుకుంటూ.

"లేదన్నా."

"అయితే పాస్‌వర్డ్ ఇచ్చి పో."

రామానుజం జేబులోంచి చీటీ తీసి ఇచ్చేశాడు. పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దామె ఒకరు లేచారు. పేరు కృష్ణమ్మ, భర్త విగ్రహం చేయించుకోవడానికి పాములపాడు నుంచి వచ్చారు.

"ఆ ‘ఒద్దు’ పెట్టింది ఈ నాయనేనా? వేరే దుకాణం దాంట్లో ఏందో నొక్కినా. ఆ పొద్దు నుంచి ఫోన్ తీస్తే రాళ్లే! వంకాయ కూర ఎట్ల చేయాల్నో చూద్దామంటే పక్కనే సమాధి, దాని మీద తగ్గింపు ధర! మీ దాంట్లో ‘ఒద్దు’ నా కండ్లకు ఆనేంత ఉంది. నొక్కినా. ఊరుకుంది. చెప్పిన మాట వినేటోళ్లు మా ఆయన ముక్కన్నా సరిగ్గా చెక్కుతారని వచ్చినా."

ఓబులేసు రామానుజం వైపు తిరిగాడు. "ఇదంతా నీకు ముందే తెలుసునా?"

"నీ సైటుకు వచ్చేటోళ్లలో సగం మంది ఎవర్నో పోగొట్టుకున్నోళ్లు గదన్నా. వాళ్ల వెంటబడి గుర్తు చేయడం ఎందుకని... చట్టం లేకున్నా అట్లే పెట్టేటోణ్ణి."

"మా వీధాయనే" అని అక్కడ రాయి కొడుతున్న ఇద్దరికీ చెప్పాను. చప్పుడులో వాళ్లకు వినపడలేదు. మళ్లీ చెప్పాను.

ఓబులేసు చీటీని మడిచి రామానుజం జేబులోనే పెట్టాడు. తర్వాత కృష్ణమ్మ తెచ్చిన ఫోటో అందుకుని వెలుగులో పట్టుకుని చూశాడు. ఉలి పట్టినప్పటి నుంచి ఎవర్నీ ఏమీ అడగని మనిషి, కొంచెం తడబడి, "అమ్మా, ఈ ముక్కు పక్క పుట్టుమచ్చ గూడా చెక్కమంటావా?" అన్నాడు.

కృష్ణమ్మ ఫోటో మీదికి వంగి ఆ మచ్చను చూశారు.

"ఒద్దు నాయనా. బతికున్నప్పుడు గూడా అది నాకు నచ్చలా."