పోశెట్టి ఉస్తాద్ ఆపిన లారీ

ఈ ఉదయం సూరత్ పక్కన కిమ్ ఊరి దగ్గర మా మరమ్మతు షెడ్డు ముందు పది చక్రాల లారీ ఒకటి వచ్చి ఆగింది. ఇంజను ఆగాక వెనక చక్రాల వైపు నుంచి సన్నగా గాలి పోతున్న చప్పుడు వినబడింది. పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడంత మెల్లగా ఉంది. డ్రైవరుకు అది వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో తెలియదు. సిమెంటు దింపి రావడమే కదా, సాయంత్రం చూసుకుందాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అతను నన్ను తిట్టుకుంటూ నీడలోకి పోయి పడుకున్నాడు. ఎవరైనా నన్నలా తిట్టుకున్నప్పుడల్లా నాకు పని నేర్పిన పోశెట్టి ఉస్తాద్ గుర్తొస్తాడు. ఈ పనిలో ఆయన తిన్నన్ని తిట్లు నేనింకా తినలేదు. వాటిలో కొన్ని అసలు నేను తినవలసినవి.

ఆయనది నిర్మల్ వైపు పల్లె. పదిహేనేళ్ల వయసులో సాంచల పనికి, అంటే మరమగ్గాల మీదికి, సూరత్ వచ్చి, ఆ చప్పుడు పడక లారీల మరమ్మతులోకి మారాడు. "సాంచల కాడ పక్కోడు సచ్చినా ఇనవడది. లారీ గట్ల గాదు, బంద్ జేస్తే నోరు మూస్తది" అనేవాడు. నేను ఆయన దగ్గర చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. కిమ్ వెళ్లే దారిలో సొంత షెడ్డు ఉండేది. లారీ అయినా, జేసీబీ అయినా, జనరేటరైనా డీజిల్ పోసేదైతే చాలు, విప్పేవాడు. నేనూ జగిత్యాల వైపు నుంచి మగ్గాలకే వచ్చి చివరికి ఆయన దగ్గర తేలినవాణ్ణే. మనిషి పొట్టి, మాట కరుకు. నేను బోల్టు సరిగ్గా బిగించకపోతే పానా లాక్కుని తానే బిగించేవాడు. తరవాత దాన్ని మళ్లీ విప్పేసి, పానా నా చేతికే ఇచ్చేవాడు. అలా చేసే బదులు తిట్టినా నాకు అంత రోషం వచ్చేది కాదు.

బ్రేకులు చూడడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ట్యాంకులో గాలి నిండాక ఇంజను ఆపి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి బ్రేకు మీద కాలు పెట్టమనేవాడు. తాను పక్కన కూర్చుని బీడీ వెలిగించేవాడు. బీడీ అయిపోయేదాకా గాలి ప్రెషర్ చూపించే ముల్లు కిందికి జారకపోతేనే బండి బయటికి పోవాలి. గడియారం చూడొచ్చు కదా ఉస్తాద్ అని ఒకసారి అడిగాను. "గడియారం జూస్తే తొందరవెడతది. బీడీకేం తొందర?" అన్నాడు. లాక్‌డౌన్‌లో బీడీలు దొరకడం మానేశాక, వాటి బదులు తన కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఒకటే కథ. మొదటిసారి సూరత్‌లో దిగి, రింగ్ రోడ్డులో దారి తప్పి, చీరల మూటల మధ్య పొద్దంతా తిరిగి, చివరికి ఒక గుజరాతీ ముసలామె ఇంటి తలుపు తట్టి రొట్టె తిన్న కథ. ముసలామె రొట్టె పెట్టేదాకా నేను కాలు తియ్యకూడదు. ఆ కథ ఇప్పటికీ నాకు పొల్లు పోకుండా వచ్చు.

ఆ మొదటి లాక్‌డౌన్ రెండో నెలకు మా వాళ్లందరిదీ ఒకటే మాట, ఊరికి పోదాం అని. మగ్గాలు మూతపడ్డాయి. సూరత్‌లో మేముండే లింబాయత్ పేటలో ఒక్కో గదిలో పదేసి మందిమి ఉన్నాం. వండుకోవడానికి బియ్యం నిండుకున్నాయి. ముప్పైమందిమి కలిసి ఒక లారీ మాట్లాడుకున్నాం. లాక్‌డౌన్‌కు ముందు నుంచీ అది మా షెడ్డులోనే నిలబడి ఉంది. యజమాని సరేనన్నాడు, డ్రైవరు దొరికాడు, ప్రయాణానికి పాస్ కూడా వచ్చింది. అయితే ఆ పాస్ ఒక్క రోజుకే. నా భార్య లావణ్యకు అప్పుడు ఏడో నెల. ఆసుపత్రి పేరు చెబితేనే వణికిపోతోంది. ఎలాగైనా ఆమెను వాళ్లమ్మ దగ్గరికి చేర్చాలి, నాకు ఇంకో ఆలోచన లేదు.

బయలుదేరే ముందు రోజు హైవే మీద కూరగాయల లారీ ఒకటి ఆగిపోతే ఉస్తాద్ అటు వెళ్తూ, మా బండి బ్రేకులు చూసిపెట్టమని నాతో చెప్పాడు. కర్రతో బ్రేకు అదిమిపెట్టి చూశాను. ముల్లు జారింది. సబ్బునీళ్లు కొడితే వెనక ఎడమ చక్రం దగ్గర, గాలితో బ్రేకును నొక్కే బూస్టరు నుంచి బుడగలు వచ్చాయి. బండి నెలల తరబడి కదలకుండా ఉండడంతో లోపలి రబ్బరు పొర చిట్లింది. దుకాణాలు బంద్, కొత్తది దొరకదు. చెబితే బండి ఆగుతుంది, పాస్ పోతుంది. మిగతా చక్రాలు బాగానే ఉన్నాయి కదా, డ్రైవరు పాతవాడు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దారిలో మహారాష్ట్రలోని నవాపూర్ దాటాక ఘాట్ రోడ్డు ఉందని తెలియక కాదు. సాయంత్రం ఉస్తాద్ వచ్చి అడిగితే "బరాబర్ ఉంది" అన్నాను.

మర్నాడు తెల్లారేసరికి జనం మూటాముల్లెతో వచ్చేశారు. అందరికంటే ముందు వచ్చినవాడు గంగన్న, ముప్పై ఏళ్లుగా మగ్గాలు నడిపిన పెద్దమనిషి. లావణ్యను క్యాబిన్‌లో ఎక్కించాను. ఇంతలో ఉస్తాద్ వచ్చి ఆమెను దిగమని, నన్ను డ్రైవరు సీట్లోకి పిలిచాడు. "జర కాలు వెట్టు" అన్నాడు. పెట్టాను. కథ ఎత్తుకున్నాడు. ముసలామె ఇంకా తలుపైనా తియ్యలేదు, ముల్లు సగానికి దిగిపోయింది. ఆయన కథ ఆపి నా మొహంలోకి చూశాడు. దిగి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండి కిందికి దూరి, ఆ బూస్టరు విప్పి, చిట్లిన రబ్బరును ప్యాంటు జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు.

"బండి పోదు" అన్నాడు.

ఒక్కసారిగా గొడవ లేచింది. "నిన్న మంచిగున్నదంటిరి గదా! ఎవలు జూసిండ్రు నిన్న?" అని గంగన్న గట్టిగా అడిగాడు. ఉస్తాద్ నా వైపు తిరగనైనా తిరగకుండా, "నేనే జూసిన. సరిగ జూడలే. తప్పు నాదే" అన్నాడు. ఒకడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. గంగన్న ఆయన కాళ్ల ముందు ఉమ్మేసి, "మా ఉసురు తాకుతది నీకు" అన్నాడు. తొమ్మిదిమంది అప్పటికప్పుడే మూటలు నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టారు. గంగన్న వాళ్లతోనే పోయాడు. నేను లావణ్య పక్కన మూట మీద కూలబడ్డాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అంత సిగ్గులోనూ నా పేరు బయటపడనందుకు హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నామోషీగా ఉంది.

జనం తిరిగి పోయాక ఉస్తాద్ జేబులోంచి రబ్బరు తీసి నా చేతిలో పెట్టాడు.

"సబ్బునీళ్లల్ల కనవడలేదా?"

"కనవడ్డది."

"లావణ్య ఏడ కూసుంటుండె?"

"క్యాబిన్ల, ఉస్తాద్."

"అయితే ఆమెకు జాగ జూసినవు, బ్రేక్ జూడలే."

ఏడుపొచ్చింది. అందరికీ నేనే చెప్తానన్నాను. "చెప్తె ఇగ ఈ ఊర్ల ఎవడన్న నీ చేతికి బండిస్తడా? నాకేంది, నేను ముసలోన్నయితున్న. తిడితె తిట్టనీ" అని, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

షెడ్డులో ఉన్న ఇంకో లారీకి అదే సైజు రబ్బరు ఉంది. దాని యజమాని రాజస్థాన్‌లో ఇరుక్కుపోయాడు. అడగకుండా తీయడానికి ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఫోన్ కలిసి అతను సరేననేసరికి రెండు రోజులు, మళ్లీ పాస్ వచ్చేసరికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఎక్కడో పంచే కిచిడీ తెచ్చి లావణ్యకు ఇచ్చి పోయేవాడు. బయలుదేరే రోజు మళ్లీ నా కాలు బ్రేకు మీద పెట్టించాడు. ఈసారి ముసలామె తలుపు తీసి, రొట్టె పెట్టి, మంచినీళ్లు కూడా ఇచ్చింది. ముల్లు కదలలేదు. మేము క్షేమంగా ఊరు చేరాం. నాకు ఆడపిల్ల పుట్టింది. నడిచిపోయినవాళ్లూ చేరారు గానీ, గంగన్న కాలు పుండుపడి ఒక వేలు తీసేయవలసి వచ్చింది.

కొన్ని నెలలకు తిరిగొచ్చి ఉస్తాద్ దగ్గరే పనిలో పడ్డాను. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు. లింబాయత్‌లో మాత్రం ఆయన బండి చూడకుండానే చూశానని చెప్పే మనిషిగా మిగిలిపోయాడు. మా వాళ్లు ఇద్దరు ముగ్గురు తమ టెంపోలను వేరే షెడ్డుకు తీసుకుపోయారు. ఆయన పట్టించుకోలేదు. నేను విన్నాను, విని ఊరుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే కరోనా రెండో విడత వచ్చింది. ఆయన ఆసుపత్రికి పోయి మళ్లీ రాలేదు. ఆఖరి చూపుకు కూడా మమ్మల్ని రానివ్వలేదు.

పరిస్థితి కాస్త కుదుటపడ్డాక ఆయన ఇంటి ముందు నలుగురం కూడాం. గంగన్న కూడా కుంటుకుంటూ వచ్చాడు. "పోయినోన్ని అనొద్దు గని, ఆ దినం బండి సరిగ జూసుంటే నా కాలు మంచిగుంటుండె" అన్నాడు. ఉస్తాద్ భార్య తల వంచుకుంది. అది చూశాక ఇక నా వల్ల కాలేదు. "ఆ బండి జూసింది నేను, కాకా. పోదని తెలిసీ బాగుందన్నది నేనే" అన్నాను. గంగన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మెల్లగా లేచి పోయి ఉస్తాద్ భార్య ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

ఆ వారం నుంచే మిగతావాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. సూరత్‌లో ఉన్నవాళ్ల గదులకు వెళ్లి చెప్పాను, ఊళ్లలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు మరిచిపోయామన్నారు, ఒకాయన నాతో ఇప్పటికీ మాట్లాడడు. ఉస్తాద్ బతికి ఉండగా చెప్పవలసిన మాటను పోయాక చెప్పానన్న బాధ నాకు పోలేదు, పోదు కూడా. ఆ ముప్పైమందిలో ఇంకా ముగ్గురి జాడ తెలియలేదు. ఎక్కడో ఒకచోట వాళ్లు పోశెట్టిని ఇంకా తిట్టుకుంటూనే ఉంటారు.