మిగతావాళ్ళ మనిషి

పెన్ను కోసం హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెడితే ముందుగా గరిటె తగిలింది. బల్లపరుపు చెక్క గరిటె. చూడడానికి ఉప్మా కలుపుకునే గరిటెలాగే ఉంటుంది కానీ, అంచు వెంబడి బొటనవేలు పోనిస్తే నాలుగు గుంటలు తగులుతాయి. కుక్క పళ్ళు దిగిన గుర్తులవి. ఇంగ్లండులో ఒక ఇంటి తలుపు వెనక నుంచి కరిచిన కుక్క. ఆ గుంటలు తగిలితే చాలు, దయామణి ఆంటీ గొంతు వినిపిస్తుంది నాకు. శనివారం పొద్దున్న, నాకు బాగా తెలిసిన ఒకరి ఇంటి ముందు కారు ఆపుకుని, దిగడానికి ధైర్యం చాలక పది నిమిషాలుగా కూర్చుని ఉన్నాను. ఎందుకు చాలలేదో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

ఆవిడది భీమవరం దగ్గర పల్లె. నర్సు ఉద్యోగానికి ఇంగ్లండు వెళ్ళి, మిల్లులు మూతపడిన ఒక చిన్న ఊళ్ళో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. భర్త పోయాక, అమెరికాలో షాంటిలీ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరకు వచ్చేసింది. అక్కడికి అరగంట దూరంలో ఉన్న మా తెలుగు చర్చికి ప్రతి ఆదివారం వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు చర్చి భోజనాలకి పులిహోర కలుపుతున్న వంటగదిలో కళ్ళజోడు వెతుక్కుంటూ, బ్యాగులోవన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది. వాటి మధ్య ఈ గరిటె. "ఇక్కడ బోలెడు గరిటెలున్నాయి కదా ఆంటీ, ఇంటి నుంచి మోసుకొచ్చారా?" అన్నాను నవ్వుతూ. "ఇది వంట గరిటె కాదే అమ్మాయ్, ఎలక్షన్ గరిటె" అంది. ఆ తర్వాత పులిహోర కలపడం మానేసి అరగంట చెప్పింది.

అక్కడి ఇళ్ళకి పోస్టు పెట్టె విడిగా ఉండదట. తలుపుకే సన్నటి సందు, దానికి బిగుతైన స్ప్రింగు రేకు. కరపత్రాన్ని వేళ్ళతో లోపలికి తోస్తే రేకు వేళ్ళని నొక్కేస్తుంది. ఇంట్లో కుక్క ఉంటే మిగతా పని అది చూసుకుంటుంది. అందుకే అక్కడ కరపత్రాలు పంచే చాలామంది కాగితం తోయడానికి బ్యాగులో చెక్క గరిటె పెట్టుకుంటారట. ఆవిడ ఊరి కౌన్సిల్‌కి మూడుసార్లు నిలబడింది. మూడుసార్లూ ఓడిపోయింది. అవతల నిలబడినవాళ్ళ ప్రచారమంతా ఒకటే మాట: మన దేశం మనకి కావాలి. "ఆ 'మన'లో నేను లేనని నాకు తెలుసు. వాళ్ళకీ తెలుసు. అయినా వాళ్ళ తలుపు కూడా కొట్టేదాన్ని" అంది. ఓడిపోయిన కథలు ఇంత ఉత్సాహంగా చెప్పే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

అప్పట్లో మా చర్చికి సొంత చోటు లేదు. నలభై కుటుంబాలం, ఒక స్కూలు జిమ్, దాని పక్క వంటగది అద్దెకి తీసుకుని, బాస్కెట్‌బాల్ గీతల మీద కుర్చీలు వేసుకుని పాటలు పాడేవాళ్ళం. మూతపడిన ఒక తివాచీల దుకాణం ఎలాగో కుదిరింది. దాన్ని చర్చిగా మార్చడానికి కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వం, అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టిన పది రోజులకి ఆ వీధిలో ఇళ్ళ ముందు లాన్‌ల మీద బోర్డులు లేచాయి: 'మన వీధిని కాపాడుకుందాం'. ట్రాఫిక్ గురించి అన్నారు, పార్కింగ్ గురించి అన్నారు. అసలు సంగతి ఏమిటో మాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. మా కమిటీ పెద్ద ప్రసాద్ అన్నయ్య "ఎవరూ నోరు జారకండి, లో ప్రొఫైల్‌లో ఉందాం" అన్నాడు. లో ప్రొఫైల్ అన్న మాట వింటే చాలు, ఆంటీకి ఒళ్ళు మండేది.

ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఆహ్వానపత్రాలు అచ్చు వేయించింది. ఆదివారం భోజనానికి రండి, మేమెవరమో చూడండి అని. ఒక మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. తలుపులకి సందులు లేవు. రోడ్డు పక్కన మాత్రం వరసగా పోస్టు పెట్టెలున్నాయి. "ఎంత సుఖమే ఇక్కడ! కుక్కలే లేవు" అంటూ అరవై పెట్టెల్లో అరవై కాగితాలు చకచకా వేసేసింది. నేనూ వేశాను, పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నదాన్ని. స్టాంపు లేని కాగితాన్ని ఒకరి పోస్టు పెట్టెలో వేయడం ఇక్కడ నేరమని ఇద్దరికీ తెలియదు. మర్నాటికల్లా ఫిర్యాదు వెళ్ళింది. 'చట్టం తెలియనివాళ్ళు మన వీధికి వస్తున్నారు' అని వీధివాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో రాసుకున్నారు.

ప్రసాద్ అన్నయ్య తల పట్టుకున్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆంటీ మాత్రం కోటు తొడుక్కుంది. "పద. అరవై తలుపులూ కొట్టి తప్పు ఒప్పుకుందాం." వెళ్ళాం. "నేను ఇంగ్లండు నుంచి వచ్చాను, అక్కడ ఇలాగే వేస్తాం, ఇక్కడి రూలు తెలియదు, క్షమించండి" అని, వెంటనే గరిటె తీసి కుక్క పళ్ళు చూపించేది. కొందరు మొహం మీదే తలుపు వేశారు. కొందరు నవ్వారు. లాన్ మీద బోర్డున్న ఒక పెద్దాయన గరిటెని తిప్పి తిప్పి చూసి, తన చేతి మీద మచ్చ చూపించి, తాను పోస్ట్‌మ్యాన్‌గా రిటైరయ్యానన్నాడు. అరగంట కుక్కల గురించే మాట్లాడుకున్నారు. బోర్డు తీయలేదనుకోండి. వచ్చేస్తుంటే "ఏం సాధించాం ఆంటీ?" అన్నాను చిరాగ్గా. "ఆయన పేరు నాకు తెలిసింది, నా పేరు ఆయనకి తెలిసింది. ఒక్క పూటకి ఇంకేం కావాలే నీకు?" అంది.

కౌంటీ బోర్డు ముందు మా తరఫున మాట్లాడే పని నా మీద పడింది. ఇంగ్లీషు బాగా వచ్చని. నేను రాసుకున్న ప్రసంగం మా కమిటీకి తెగ నచ్చింది. మాలో ఎంతమంది ఇంజినీర్లో, ఎంతమంది డాక్టర్లో, మా పిల్లలు ఏ కాలేజీల్లో చదువుతున్నారో, మా మీద ఒక్క పోలీసు కేసు కూడా లేదని, అన్నీ ఉన్నాయి. ఆంటీకి చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

"నా మొదటి లీఫ్‌లెట్ కూడా అచ్చం ఇలాగే రాశానే" అంది. "ఇన్నేళ్ళు నర్సుగా చేశాను, టాక్స్ కట్టాను, ఎవరి సొమ్మూ తినలేదు అని. మా వీధి చివర రాయ్ అని ఒక తెల్లాయన ఉండేవాడు. కిటికీలో పెద్ద ఇంగ్లండు జెండా. ఈ గరిటెని కరిచింది వాళ్ళ కుక్కే. ఆయన తలుపు తీసి, లీఫ్‌లెట్ మొత్తం చదివి, 'మీలాంటివాళ్ళయితే ఫర్వాలేదమ్మా, మిగతావాళ్ళతోనే మా బాధ' అన్నాడు. నేను ఎంత మురిసిపోయాననుకున్నావ్! ఇంటికెళ్ళి మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను. వారం తిరక్కుండా మా పక్కింటి సోమాలీ ఆవిడ కిటికీలు పగలగొట్టారు. నా రెండో కాన్పుకి మా పెద్దదానికి అన్నం వండిపెట్టిన మనిషి ఆవిడ. గాజు పెంకులు ఊడుస్తూ ఉంటే అప్పుడు వెలిగింది నాకు. మిగతావాళ్ళు అంటే ఎవరే? ఆవిడే. ఆ మాటకి నేను థాంక్యూ చెప్పి వచ్చాను."

ఆ పెట్టెడు కరపత్రాలనీ చింపేసిందట. రెండోసారి నిలబడినప్పుడు తన గురించి ఒక్క ముక్క రాయలేదు. మళ్ళీ రాయ్ ఇంటికే వెళ్ళి, మీ బాధేమిటో చెప్పమని కూర్చుంది. ఆయన భార్యని ఆసుపత్రికి తీసుకువెళ్ళే బస్సు ఆపేశారు. అదీ ఆయన బాధ. "బస్సు తీసేసింది మా పక్కింటావిడ కాదు కదా రాయ్, అన్నాను. ఇద్దరం కలిసి సంతకాలు పోగేశాం, ఏడాదిన్నర తిరిగాం. బస్సు వచ్చింది. ఓటు మాత్రం రాలేదు" అని పకపకా నవ్వింది. తర్వాత నా కాగితాన్ని నా ఒళ్ళో పడేసి, "మంచివాళ్ళమని సర్టిఫికెట్ చూపించి చోటు అడుక్కోకు. నీకు సర్టిఫికెట్ ఇచ్చిన చెయ్యే పక్కవాడికి లేదంటుంది" అంది. నాకు కోపం వచ్చింది. పోగొట్టుకునేది మేము, ఆవిడకేం అనుకున్నాను. కాగితం మార్చలేదు.

కౌంటీ బోర్డు విచారణ జరిగిన సాయంత్రం హాలు నిండిపోయింది. నా కన్నా ముందు ఒకామె లేచింది. మర్యాదగానే మాట్లాడింది. "వీళ్ళు కష్టపడి పనిచేసేవాళ్ళే, వీళ్ళతో నాకేమీ గొడవ లేదు. వీళ్ళ వెనక వచ్చేవాళ్ళ గురించే నా భయం" అంది. మా వరసలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. మావాళ్ళే! ఆ తలలు ఊగడం చూసి నా చేతిలో కాగితం బరువెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే ఆంటీ నా వైపు చూడడం లేదు, కళ్ళజోడు తుడుచుకుంటోంది. నా వంతు వచ్చింది. కాగితం మడిచేశాను. పార్కింగ్‌కి ఎన్ని చోట్లున్నాయో, ఏ గంటలో ఎన్ని కార్లొస్తాయో చెప్పాను. తర్వాత అన్నాను: "మాలో డాక్టర్లున్నారు. ఉద్యోగం పోయి ఏడాదైనవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ముసలివాళ్ళున్నారు. వాళ్ళందరికీ కలిపే ఈ చోటు అడుగుతున్నాం. మా వెనక వచ్చేవాళ్ళ గురించి ఇందాక ఒకరు భయపడ్డారు. వాళ్ళూ మావాళ్ళే. వాళ్ళని వదిలేసి మమ్మల్ని మాత్రమే మెచ్చుకుంటానంటే ఆ మెప్పు మాకొద్దు."

ఓడిపోయాం. బోర్డు సభ్యుల్లో ఒక్క ఓటు తేడాతో. బయట ప్రసాద్ అన్నయ్య నా మొహం చూడకుండా "ఆ డాక్టర్ల మాటేదో చెప్పి ఊరుకుంటే గెలిచేవాళ్ళం చెల్లెమ్మా. నోటి దాకా వచ్చింది పాడు చేశావు" అన్నాడు. కారులో కూర్చుని నేను ఏడ్చేశాను. నలభై కుటుంబాల చోటు నా పొగరుకి పోయిందని. ఆంటీ పక్క సీట్లో కూర్చుని టిష్యూలు అందిస్తూ, ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "యూరప్ నుంచి విడిపోవాలా వద్దా అని అక్కడ ఓటింగ్ జరిగింది చూశావూ, ఊరంతా తిరిగాను నేను, వద్దు వద్దని. మా ఆయన ఎటు వేశాడనుకున్నావ్? విడిపోవాలనే! అదేంటండీ అంటే, మనం వచ్చేశాం కదా దయా, ఇక తలుపేసుకోవచ్చులే అన్నాడు. పదిహేను రోజులు మాటల్లేవు మా మధ్య. ఇంట్లో ఉన్న ఒక్క ఓటు తిప్పలేకపోయాను." కాసేపాగి, "బయటివాళ్ళ తలుపు కొట్టడం సులువే అమ్మాయ్. మనవాళ్ళ తలుపే కష్టం" అంది. బ్యాగులోంచి గరిటె తీసి నా ఒళ్ళో పెట్టింది. "నావి మూడు ఓటములు. నీది ఇంకా ఒకటే. దిగు, మొహం కడుక్కో."

మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఈసారి ఇద్దరం ప్రతి శనివారం ఆ అరవై ఇళ్ళకీ తిరిగాం. పోస్ట్‌మ్యాన్ పెద్దాయన వీధి మలుపులో నీళ్ళు నిలుస్తున్నాయంటే ఆ కాలవ కోసం మేమూ అర్జీ పెట్టాం. కాలవ బాగైంది. ఆయన బోర్డు కూడా పోయింది. ఆంటీ అది చూసి "మా రాయ్ కన్నా నయమే" అంది. రెండోసారి అనుమతి వచ్చింది. తివాచీల దుకాణంలో మొదటి ఆరాధన రోజున పులిహోర ఆవిడే కలిపింది. పోయిన శీతాకాలం నిద్రలోనే వెళ్ళిపోయింది. 

ఈ వసంతంలో మా చర్చి పక్కన ఖాళీగా ఉన్న ఫర్నిచర్ షాపుని మసీదు కోసం కొన్ని అఫ్గాన్ కుటుంబాలు అడిగాయి. వారం తిరక్కుండా బోర్డులు లేచాయి. అవే అక్షరాలు: 'మన వీధిని కాపాడుకుందాం'. కొన్ని ఆ చుట్టుపక్కల ఉండే మావాళ్ళ లాన్‌ల మీద. ఒకటి ఇదిగో, నేను కారు ఆపిన ఈ ఇంటి లాన్ మీద. ఇది ప్రసాద్ అన్నయ్య ఇల్లు. నిన్న ఫోనులో "మనం రూల్ ప్రకారం వచ్చాం చెల్లెమ్మా, వీళ్ళు వేరు" అన్నాడు. ఈయన నా పిల్లల్ని ఎత్తుకు తిప్పినవాడు, మా నాన్న పోతే నన్ను విమానం ఎక్కించినవాడు. ఈయనతో తగువు పడాలంటే నాకు భయం. ఊరుకోవడం అంతకన్నా అసహ్యం.

కారు దిగాను. ఈ దేశంలో గరిటె తోయడానికి తలుపుల్లో సందులు లేవు. అయినా పట్టుకెళ్ళాను. బోర్డు పక్కనుంచి నడిచి వెళ్ళి, బెల్ ఉన్నా, గరిటె వెనక కొసతో తలుపు మీద మూడుసార్లు గట్టిగా కొట్టాను.

లోపల అడుగుల చప్పుడైంది. తలుపు సగం తెరుచుకుంది. అన్నయ్య చూపు ముందు నా మొహం మీద, తర్వాత చేతిలోని గరిటె మీద పడింది. అదెవరిదో ఆయనకి తెలుసు.

"పొద్దున్నే ఏంటి చెల్లెమ్మా?" అన్నాడు, మెల్లగా.

"మిగతావాళ్ళ తరఫున వచ్చాను అన్నయ్యా" అన్నాను. "వదినని టీ పెట్టమను. చాలాసేపు కూర్చుంటాను."