రెంటచింతల వాళ్ళం, డులూత్ ఎండకు ఓడిపోయాం

మొన్న ఆదివారం ఆష్‌బర్న్‌లో మేమిప్పుడుంటున్న ఇంట్లో, ఏసీ చలికి శాలువా కప్పుకుని ఫోన్ చూసుకుంటుంటే, డులూత్‌లో ఎండలు మండిపోతున్నాయన్న వార్త కనబడి ఒక్కదాన్నే పకపకా నవ్వుకున్నాను. మినసోటాలో, ఏడాదిలో సగం మంచులో ఉండే ఆ ఊళ్ళో, ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో పుట్టి పెరిగిన మేమిద్దరం ఎండకు దాసోహం అన్నామంటే మీరైనా నమ్ముతారా?

రెండువేల ఐదో ఆరో, మావారి మొదటి ఉద్యోగం అక్కడే. ఎనభై ఏళ్ళ ఇంటావిడ పాతకాలపు చెక్క ఇంట్లో, సరిగ్గా కప్పు కిందున్న వాటా మాది, కింద ఆవిడ ఒక్కతే ఉండేది. చలికాలంలో కిటికీ సందుల్లోంచి గాలి కొడుతోందని మావారు అన్ని కిటికీలకూ ప్లాస్టిక్ షీట్లు బిగించి, టేపు మీద టేపు వేసి, తన పనితనానికి తానే మురిసిపోయి, జూలై వచ్చినా వాటిని తీయబుద్ధికాక అలాగే ఉంచేశారు.

ఆ జూలైలో ఒక్కసారిగా ఎండలు ముదిరాయి. పైన ఉండలేరు, బేస్‌మెంట్‌లోకి వచ్చేయమని ఇంటావిడ మెట్ల కింద నుంచి రెండుసార్లు కేకేసింది. "మాది రెంటచింతలండీ, ఇదీ ఒక ఎండేనా!" అని మావారు నవ్వేశారు, అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. పైగా మన ఊళ్ళో వట్టివేళ్ళ తడికలు తడిపినట్టు దుప్పట్లు తడిపి గుమ్మాలకు వేలాడదీశాం. మన పొడి ఎండకు పనికొచ్చిన ఉపాయం ఆ ఉక్కపోతలో ఏం పనికొస్తుంది? వేడిని బయటికి పోనివ్వకుండా కట్టిన ఇల్లాయె, దానికి తోడు మా ప్లాస్టిక్ షీట్లు. ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టే ఉండేది.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదో నెల. మూడోరోజు మధ్యాహ్నం పాలు పట్టబోతే మొహం తిప్పేసింది, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు నా భుజం మీద వాలిపోయింది. పొద్దుటినుంచి ఒక్క డైపరూ తడవలేదని అప్పుడు తట్టింది.

అంతలో మెట్ల మీద చప్పుడైంది. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి ఆ మెట్లెక్కని ఇంటావిడ, రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చి నిలబడింది. పొద్దుటినుంచి పిల్ల ఏడుపు వినబడలేదట, అందుకని వచ్చింది. "నేను అడగడం లేదు, కిందికి నడవండి" అని గద్దించింది. రెంటచింతల పిల్లను ఎత్తుకుని కిందికి దిగింది.

బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్, జామ్ సీసాల అలమర, కాళ్ళకు జిల్లుమనే సిమెంటు నేల. ఆవిడ పిల్ల ఒళ్ళు తడిగుడ్డతో తుడుస్తుంటే, ఫోన్‌లో క్లినిక్ నర్సు చెప్పినట్టు నేను కొంచెం కొంచెంగా పాలు పట్టాను. గంట తర్వాత డైపర్ తడిసింది. మావారు లాటరీ తగిలినంత సంబరంగా గంతులేశారు, నేను ఆవిణ్ణి కావలించుకుని ఏడ్చేశాను.

ఆ తర్వాత నాలుగు రోజులు అందరం అక్కడే కాపురం. రైస్ కుక్కర్ కిందికి తెచ్చి పెరుగన్నం కలిపితే, ఆవిడ ఆవకాయ నంజుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ పెట్టమనేది. పేకాటలో మావారిని చిత్తుగా ఓడించేది. అంత హాయిగా నేను ఏ హోటల్లోనూ గడపలేదు.

ఆవిడ పోయి చాలాకాలమైంది. మాకిప్పుడు ఆమె ఇంటి కన్నా పెద్ద బేస్‌మెంటే ఉంది, తలుపులూ కిటికీలూ ఏడాది పొడుగునా మూసే ఉంటాయి. పక్కింట్లో ఈమధ్య పాప పుట్టిందట. ఆ పిల్ల ఏడుపు నేనింతవరకూ వినలేదు. ఏడవడం మానేసినా నాకు తెలియదు.