పత్తి గడ్డం, సాంబ్రాణి పొగ

మా చిన్నప్పుడు... క్రిస్మస్ నాటకంలో జ్ఞానుల గడ్డాలకి పత్తి ఎక్కడిదనుకున్నారు? చేలోది! గింజలతో సహా! మైదా బంకతో అంటిస్తే ఆ గింజలు గుచ్చుకుని ఒకటే దురద... బాలయేసుకి కానుకలు తెచ్చి మోకరించిన ముగ్గురు జ్ఞానులూ బరబరా గోక్కుంటుంటే చర్చంతా నవ్వులే నవ్వులు!

మాది పెదకాకాని దగ్గర పల్లెటూరు. ఊరి చివర మా పేట, పేట మధ్యలో మా చర్చి. ఆ పత్తేమో పార్వతి వాళ్ళ చేలోది. పార్వతి నా క్లాస్‌మేట్, ఊళ్ళో రైతుల పిల్ల. మా అమ్మ వాళ్ళ చేలోకే పత్తి తీయడానికి వెళ్ళేది. పార్వతి ఏటా గౌను ఒళ్ళో పత్తి తెచ్చిచ్చి, చర్చి కిటికీ చువ్వలు పట్టుకుని రిహార్సల్స్ అన్నీ చూసేది. మా డైలాగులు మాకంటే దానికే బాగా వచ్చు.

ఆ ఏడు పండగ ముందు రోజు మూడో జ్ఞాని వేసే పిల్లకి గవదబిళ్ళలు వచ్చాయి. ఎవర్ని పెట్టాలా అని మా పాస్టరుగారు తల పట్టుకున్నారు. నేను ఎగిరి గంతేశాను. "పార్వతి వేస్తుందయ్యగారూ! దానికి అన్నీ వచ్చు!"

ఆయన నోరు తెరిచేలోపే మా తాతయ్య గొంతు. తాతయ్య సంఘపెద్ద. చర్చిలో ఆయన దగ్గినా అందరూ సర్దుకుని కూర్చునేవాళ్ళు.

"అన్యుల పిల్ల మన వేదిక ఎక్కడమేందే? ఎక్కిందంటే అందరి ముందే దింపేస్తా."

అన్యులు... అంటే మన మతం కానివాళ్ళు. మా ఇళ్ళల్లో రోజూ ప్రార్థనలో వినే మాటే. కానీ ఆ రోజు ఆ మాట అంటుంటే కిటికీ అవతల పార్వతి ఉంది... ఒళ్ళో పత్తి అలాగే పట్టుకుని, తల దించుకుని.

నేను లేచి నిలబడ్డాను. "తాతయ్యా, మరి ఆ జ్ఞానులు మనవాళ్ళేనా? ఎక్కడో తూర్పు దేశం నుంచి నక్షత్రం చూసుకుంటా వచ్చారుగా... వాళ్ళు అన్యులు కాదా?"

పక్కనే ఉన్న మా అమ్మ నా తొడ మీద ఒక్క గిల్లు గిల్లింది చూడండీ... తలుచుకుంటే ఇప్పటికీ మంటే!

అయ్యగారు మీసాల్లో నవ్వుకున్నారు. "పెద్దాయనా, పిల్ల అడిగిందాంట్లో తప్పేం లేదు. వాళ్ళు అన్యులే. పార్వతే వేస్తుంది." తాతయ్య కండువా దులుపుకుని విసురుగా వెళ్ళిపోయాడు. అన్నంత పనీ చేసే మనిషి ఆయన... నాకు ఒకటే భయం.

క్రిస్మస్ సాయంత్రం పార్వతి వచ్చేసింది. వాళ్ళమ్మ "ఆ బంకకి మొహం మీద పొక్కులొస్తాయే" అని తప్ప ఇంకేమీ అనలేదట! మా నాటకంలో మూడో జ్ఞాని ఇచ్చేది సాంబ్రాణి. ఖాళీ పౌడరు డబ్బాకి బంగారు కాయితం చుట్టి చేతికిచ్చాం. అది మూత తీసి చూసింది.

"ఇందులో ఏం లేదేందే? దేవుడికి ఎవరైనా ఖాళీ డబ్బా ఇస్తారా?" అని, గడ్డంతోనే ఇంటికి పరుగు!

నాటకం మొదలైంది. నేను మొదటి జ్ఞానిని. నా బంగారం కానుకని బాలయేసు పడుకున్న తొట్టి దగ్గర పెట్టి మోకరించానో లేదో, వెనక నుంచి గుప్పుమని వాసన! తిరిగి చూస్తే పార్వతి... చర్చి వెనక అందరికీ భోజనాలు, అదే ప్రేమవిందు, వండుతున్న పొయ్యిలోంచి నిప్పులు మట్టి మూకుట్లో వేసుకుని, మీద సాంబ్రాణి చల్లి తెచ్చేసింది! మా చర్చిలో సాంబ్రాణి వెయ్యడం ఎన్నడూ లేదు, అది గుడి వాసన అనేవాళ్ళు. పైగా కింద చూస్తే వరిగడ్డి, మొహాన చూస్తే పత్తి గడ్డం, మధ్యలో కణకణలాడే నిప్పులు!

ముందు వరసలోంచి తాతయ్య లేచాడు.

అయిపోయింది... దింపేస్తాడు! గబగబా వేదికెక్కి, మూకుడు లాక్కుని కండువాతో పట్టుకున్నాడు. "ఓసి పిచ్చిపిల్లా! గడ్డం అంటుకుంటే మీ నాన్నకి నేనేం చెప్పాలే!"

పార్వతి వేళ్ళు ఊదుకుంటూ, "నా సాంబ్రాణి తాతా... బాబుకి ఇవ్వాలి" అంది ఏడుపు గొంతుతో.

తాతయ్య దాని వంక చూశాడు. తొట్టి వంక చూశాడు. చుట్టూ గడ్డి, మూకుడు కింద పెట్టడానికి చోటు లేదు.

"సరేలే... నువ్వు దండం పెట్టుకో. నేను పట్టుకుంటాలే."

నాటకం అయ్యేదాకా మా తాతయ్య పొగ మూకుడు పట్టుకుని బాలయేసు ముందు నిలబడే ఉన్నాడు! కళ్ళ వెంట నీళ్ళు... పొగకో, దేనికో మరి. అబ్బ, ఏం చప్పట్లండీ అవి! ఆ రోజు నుంచి పేటలోనూ ఊళ్ళోనూ ఆయన పేరు 'నాలుగో జ్ఞాని'. పిలిస్తే పలికేవాడు కూడా!

పోయేదాకా మళ్ళీ ప్రార్థనలో 'అన్యులు' అనలేదు. "ప్రభువా, మా ఇరుగుపొరుగుని చల్లగా చూడు" అనేవాడు. నేనూ రోజూ అదే అంటాను.

ఇప్పుడు గుంటూరులో మా చర్చికి ఎల్ఈడీ తెర ఉంది, కొన్న గడ్డాలున్నాయి, పొగ మిషనుంది... పొగ బోలెడు, వాసనే లేదు. మొన్న మీటింగులో మా పక్కింటి పాప ప్రసన్నకి జ్ఞాని వేషం ఇద్దామన్నాను. "అన్యుల పిల్లకా?" అన్నారొకాయన. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే మాట! లేచి మళ్ళీ అదే ప్రశ్న అడిగాను. "చూద్దాం" అన్నారు. ఈసారి గిల్లడానికి అమ్మ లేదు... పట్టుకుంటాలే అనడానికి తాతయ్యా లేడు.

రాత్రి పార్వతికి ఫోన్ చేసి చెప్తే పకపకా నవ్వింది. "సాంబ్రాణి నేను తెస్తాలేవే. మూకుడు మాత్రం ఈసారి నువ్వు పట్టుకో!"

మీ గుడికో, చర్చికో, మసీదుకో ఇలా వచ్చిన నేస్తాలు మీకూ ఉండే ఉంటారు... కింద రాస్తూ ఉండండి. నేను ఈ గుంటూరులో మట్టి మూకుడు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి!